అలీ వర్సెస్ టైసన్.. గెలిచేదెవరు? సమాధానం పేరులో లేదు, సంవత్సరంలో ఉంది!

మహమ్మద్ అలీ, మైక్ టైసన్ రింగ్‌లో ఎదురెదురుగా నిలబడితే గెలిచేదెవరు? బాక్సింగ్ చూసేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే ఈ ప్రశ్న రాక మానదు. ఫోన్‌లో ఏదో పాత ఫైట్ క్లిప్ కనిపిస్తే చాలు.. టైసన్ ముందు అలీ రెండు రౌండ్లు కూడా ఆగడని ఒకరు, అలీని టైసన్ ముట్టుకోను కూడా లేడని ఇంకొకరు మొదలుపెడతారు. ఇద్దరూ గట్టిగానే వాదిస్తారు. కానీ చాలాసార్లు ఇద్దరూ వేర్వేరు మనుషుల గురించి మాట్లాడుతుంటారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

అలీ పుట్టింది 1942లో, టైసన్ పుట్టింది 1966లో. అలీ చివరి ఫైట్ 1981 డిసెంబర్‌లో జరిగితే, టైసన్ తొలి ప్రొఫెషనల్ ఫైట్ 1985 మార్చిలో జరిగింది. రింగ్‌లో వీళ్లు కలిసే అవకాశమే రాలేదు. ఇద్దరితోనూ తలపడినవాళ్లలో ఒక బాక్సర్ గురించి మాత్రం చెప్పుకోవాలి. అతని పేరు ట్రెవర్ బెర్బిక్. అలీ తన చివరి ఫైట్‌లో ఓడింది ఇతని చేతిలోనే. 1986లో టైసన్ 20 ఏళ్లకే వరల్డ్ చాంపియన్ అయింది ఇతన్ని రెండో రౌండ్‌లో పడగొట్టే. మరి ఈ లెక్కన టైసనే గొప్పా? అలా అనలేం. బెర్బిక్ ఎదుట నిలబడిన అలీకి అప్పటికే 39 ఏళ్లు.

ఏ అలీ? ఏ టైసన్?

అలీ పేరు ఒక్కటే అయినా, రింగ్‌లో కనిపించిన అలీలు కనీసం ముగ్గురు.

మొదటివాడు 1966 నాటి అలీ. వయసు 24. ఆ ఏడాది నవంబర్‌లో హ్యూస్టన్‌లో క్లీవ్‌ల్యాండ్ విలియమ్స్‌ను మూడో రౌండ్‌లో ముగించిన ఫైట్‌ను అలీ బెస్ట్ ఫైట్‌గా చెప్పేవాళ్లు చాలామంది. ఆ కాళ్ల వేగం హెవీవెయిట్‌లో అంతకుముందు ఎవరూ చూడలేదు. కానీ ఆ తర్వాత కొద్ది నెలలకే కథ మారింది. వియత్నాం యుద్ధ సమయంలో సైన్యంలో చేరనన్నందుకు 1967లో టైటిల్ పోయింది, లైసెన్స్ పోయింది. మళ్లీ రింగ్‌లోకి వచ్చింది 1970 అక్టోబర్‌లో. 25 నుంచి 28 ఏళ్ల మధ్య, అంటే ఒక బాక్సర్ ఒంట్లో బలం, బుర్రలో అనుభవం రెండూ కలిసొచ్చే వయసులో, అలీ బయట కూర్చున్నాడు.

రెండోవాడు 1974 నాటి అలీ. కిన్‌షాసాలో జార్జ్ ఫోర్‌మన్‌ను ఎనిమిదో రౌండ్‌లో పడగొట్టినవాడు. ఇతను పరుగెత్తలేదు. తాళ్లకు ఆనుకుని, దెబ్బలు చేతుల మీద కాచుకుని, ఎదుటివాడు అలసిపోయేదాకా ఆగాడు. కాళ్లు నెమ్మదించాయి, తెలివి పెరిగింది. మూడోవాడు 1980 నాటి అలీ. వయసు 38. అతని సంగతి కింద చూద్దాం.

టైసన్ విషయంలోనూ అంతే. 1988 జూన్‌లో మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో పడగొట్టిన టైసన్ వేరు. తల కదుపుతూ దెబ్బ తప్పించుకోవడం, లోపలికి దూరి వరసగా పంచ్‌లు వేయడం.. గురువు కస్ డమాటో నేర్పిన ఆ ఆట అప్పటికి పూర్తిగా చేతికి వచ్చింది. అదే ఏడాది ట్రైనర్ కెవిన్ రూనీతో బంధం తెగింది. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో నాకౌట్ అయిన టైసన్ ఆ పాత టైసన్ కాదు. 2002లో లెనాక్స్ లూయిస్ చేతిలో ఎనిమిదో రౌండ్‌లో పడినవాడు అసలే కాదు.

బెస్ట్ అలీ, బెస్ట్ టైసన్ తలపడితే?

సరే, 1966 అలీని, 1988 టైసన్‌ను తీసుకుందాం. అలీ ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు. టైసన్ 5 అడుగుల 10 అంగుళాలు. రెండు చేతులూ చాస్తే ఈ కొస నుంచి ఆ కొసకు ఉండే పొడవును రీచ్ అంటారు. అలీ రీచ్ 78 అంగుళాలు, టైసన్‌ది 71. బరువులో మాత్రం పెద్ద తేడా లేదు, ఇద్దరూ వంద కిలోలకు కాస్త తక్కువే.

టైసన్ అభిమానుల దగ్గర ఒక బలమైన పాయింట్ ఉంది. అదే లెఫ్ట్ హుక్. అలీ చేతులు కిందకు వదిలేసి, తలను వెనక్కి లాగి దెబ్బ తప్పించుకునేవాడు. 1963లో హెన్రీ కూపర్, 1971లో జో ఫ్రేజియర్ అతన్ని కింద పడేసింది లెఫ్ట్ హుక్‌తోనే. పైగా ఫ్రేజియర్ కూడా టైసన్‌లాగే వంగి, తల ఊపుతూ ముందుకు తోసుకొచ్చే రకం. టైసన్ చెయ్యి ఫ్రేజియర్ చెయ్యి కంటే వేగం. కాకపోతే ఇక్కడ ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఫ్రేజియర్ పడగొట్టింది మూడున్నరేళ్ల గ్యాప్ తర్వాత వచ్చిన అలీని.

అలీ అభిమానుల దగ్గరా సాక్ష్యం ఉంది. టోక్యోలో డగ్లస్ చేసింది ఏంటి? పొడవాటి చెయ్యి వాడుకున్నాడు. జాబ్‌తో టైసన్‌ను దూరంగా ఉంచాడు, దగ్గరకు వస్తే పట్టేసుకున్నాడు. ఈ రెండు పనులూ అలీకి వెన్నతో పెట్టిన విద్య. 1987లో బోన్‌క్రషర్ స్మిత్, టోనీ టక్కర్ ఇద్దరూ టైసన్ ముందు 12 రౌండ్లూ నిలిచారు. ఓడిపోయారు, కానీ పడలేదు. అంటే మంచి ఫామ్‌లో ఉన్న టైసన్‌ను కూడా చివరిదాకా లాగొచ్చు.

అందుకే చాలా వాదనలు చివరకు ఒక చోటికే వస్తాయి. మొదటి నాలుగు రౌండ్లలో తేలిపోతే టైసన్, అక్కడి నుంచి ముందుకు సాగితే అలీ. అప్పుడు రౌండ్ల లెక్క కూడా ముఖ్యమే. అలీ కాలంలో టైటిల్ ఫైట్ అంటే 15 రౌండ్లు. 1982లో రే మాన్సీనీతో తలపడిన కొరియా బాక్సర్ కిమ్ దుక్ కూ ఆ దెబ్బలకు ప్రాణాలు కోల్పోయాక క్రమంగా అన్ని సంస్థలూ 12కు తగ్గించాయి. ఊహల్లో ఫైట్ పెట్టేవాళ్లు ఏ రూల్స్ అన్నది కూడా ముందే చెప్పుకోవాలి.

అతన్ని గెలిచినవాణ్ని ఇతను గెలిచాడు కదా!

ఇది అందరూ చేసే పొరపాటు. 1971లో ఫ్రేజియర్ అలీని ఓడించాడు. 1973లో ఫోర్‌మన్ అదే ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలోనే చిత్తు చేశాడు. మరి ఫోర్‌మన్ అలీని ఇంకా తేలిగ్గా ఓడించాలి కదా? 1974లో జరిగింది దీనికి రివర్స్. ఒకరి స్టైల్ ఇంకొకరికి అనుకూలిస్తుంది, మరొకరికి అస్సలు పడదు. బాక్సింగ్‌లో కూడికలు, తీసివేతలు పనిచేయవు.

ఒకసారి ఈ లెక్కను కంప్యూటర్‌కే అప్పగించారు. 1960ల చివర్లో మరీ వోరోనర్ అనే అమెరికా రేడియో నిర్మాత పాత, కొత్త చాంపియన్ల వివరాలు కంప్యూటర్‌కు ఇచ్చి ఊహా టోర్నీ నడిపాడు. అందులో తాను ఓడినట్టు వచ్చేసరికి అలీ కోర్టుకెక్కాడు. తర్వాత రాజీ కుదిరి, 1969లో అలీ, రాకీ మార్సియానో కెమెరా ముందు నిజంగానే గ్లవ్స్ తొడిగారు. ఒక్క ఓటమి కూడా లేకుండా 49 ఫైట్లు గెలిచిన మార్సియానోకు అప్పటికి 45 ఏళ్లు. బరువు తగ్గి, విగ్గు పెట్టుకుని మరీ వచ్చాడు. ముగింపులు మాత్రం ఒకటి కాదు, కొన్ని తీసి ఉంచారు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో మార్సియానో గెలిచాడు. యూరప్‌లో చూపిన వెర్షన్‌లో అలీ గెలిచాడు. ఫలితం చూడటానికి మార్సియానో లేడు. 1969 ఆగస్టులోనే విమాన ప్రమాదంలో చనిపోయాడు.

నిజంగా జరిగితే ఎలా ఉంటుంది?

వేర్వేరు దశల్లో ఉన్న చాంపియన్లు నిజంగా తలపడిన సందర్భాలూ ఉన్నాయి. అవి అంత సరదాగా ఉండవు. 1951 అక్టోబర్‌లో 37 ఏళ్ల జో లూయిస్‌ను మార్సియానో ఎనిమిదో రౌండ్‌లో తాళ్ల మధ్య నుంచి బయటకు పడేశాడు. చిన్నప్పటి నుంచి అభిమానించిన మనిషిని అలా కొట్టాల్సి వచ్చినందుకు గెలిచిన మార్సియానోనే కన్నీళ్లు పెట్టుకున్నాడు.

1980 అక్టోబర్ 2న లాస్ వేగాస్‌లో 38 ఏళ్ల అలీ ఎదుట నిలిచింది ఒకప్పుడు అతనికే స్పారింగ్ పార్ట్‌నర్‌గా పనిచేసిన లారీ హోమ్స్. పది రౌండ్ల పాటు ఫైట్ ఏకపక్షంగా సాగింది. చివరకు అలీ కార్నర్ నుంచే ఆపేయమన్నారు. ఇక చాలించమని డాక్టర్ ఫెర్డీ పచేకో 1977లోనే చెప్పి, మాట వినకపోవడంతో టీమ్ నుంచి తప్పుకున్నాడు. 1984లో అలీకి పార్కిన్సన్స్ లక్షణాలున్నట్టు బయటపడింది. 1988 జనవరిలో అదే హోమ్స్ 38 ఏళ్ల వయసులో 21 ఏళ్ల టైసన్ ముందుకు వెళ్లి నాలుగో రౌండ్‌లో పడిపోయాడు. రికార్డు పుస్తకంలో ఇవన్నీ మామూలు గెలుపోటములే. వయసు కాలమ్ చూస్తే తప్ప అసలు కథ తెలియదు.

మన నిఖత్ కథ మాత్రం వేరు

పెద్ద వయసు అంటే ఓటమే అనుకుంటే అదీ తప్పే. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2019లో మేరీ కోమ్‌తో ట్రయల్ బౌట్ పెట్టాలని కేంద్ర క్రీడా మంత్రికి లేఖ రాసింది. ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కు 51 కిలోల విభాగంలో ఎవరు వెళ్లాలన్నదే ప్రశ్న. డిసెంబర్ 28న ఢిల్లీలో బౌట్ జరిగింది. ఒకవైపు ఆరుసార్లు వరల్డ్ చాంపియన్, పిల్లల తల్లి. మరోవైపు 23 ఏళ్ల నిఖత్. గెలిచింది మేరీ కోమే, 9-1తో.

కథ అక్కడ ఆగలేదు. 2022 మేలో ఇస్తాంబుల్‌లో నిఖత్ 52 కిలోల్లో, 2023లో ఢిల్లీలో 50 కిలోల్లో వరల్డ్ చాంపియన్ అయింది. 2022 నిఖత్, 2012 లండన్ ఒలింపిక్స్ మేరీ కోమ్ తలపడితే? ఇక్కడా అవే చిక్కులు. మేరీ వరల్డ్ టైటిళ్లన్నీ 48 కిలోలు, అంతకంటే తక్కువ విభాగాల్లో వచ్చినవి. లండన్‌లో మహిళలకు రెండేసి నిమిషాల నాలుగు రౌండ్లు. నిఖత్ టైటిళ్ల నాటికి మూడేసి నిమిషాల మూడు రౌండ్లు. 2019 నాటి ఆ ఒక్క స్కోరు పట్టుకుని ఎవరు గొప్పో తేల్చేయడం ఇద్దరికీ అన్యాయమే.

ఈసారి వాదన మొదలైతే ఈ నాలుగు అడిగి చూడండి:

- ఏ సంవత్సరం నాటి బాక్సర్? అప్పటికి వయసెంత?
- ఎన్ని రౌండ్లు, ఎవరి కాలం రూల్స్?
- ఇద్దరి బరువు, ఎత్తు, రీచ్ ఎంత?
- ఇలాంటి స్టైల్ ఉన్నవాళ్ల మీద ఇంతకుముందు ఎలా ఆడారు?

ఈ నాలుగూ తేలాక కూడా వాదన మిగిలే ఉంటుంది. అందులో తప్పేం లేదు. 1989లో అలీ, టైసన్ ఒకే టీవీ షోలో పక్కపక్కన కూర్చున్నప్పుడు ఇదే ప్రశ్న వచ్చింది. ఇద్దరిలో ఎవరూ నేనే గెలుస్తానని అనలేదు. ఒకరినొకరు పొగుడుకున్నారు.