ఒక్క పత్రము – మూడు యంత్రములు



ముప్పది యేండ్లకు పైగా బాలురకు వ్యాకరణము చెప్పి విశ్రాంతి పొందిన నాబోటి వృద్ధుడు కంప్యూటరును గూర్చి ప్రసంగింప బూనుట కొందఱికి వింతగా దోపవచ్చును. కాని నాకు గలిగిన యొక కష్టమే నాకీ పాఠమును నేర్పినది. ముందుగా దానిని విన్నవించి, పిదప శాస్త్రమునకు వత్తును.

మాది జి.కొండూరు, కొండపల్లికిని మైలవరమునకును నడుమ నున్న మెట్ట సీమ. మా రైతుల నోట నాడు మాటలను, అనగా నాగలి భాగముల పేర్లను, నేలల పేర్లను, పశువుల రంగులను దెలుపు పలుకులను, పదునాలుగేండ్లుగా సేకరించి అకారాదిగా కూర్చుచున్నాను. ఇంటనున్నపుడు పెద్ద యంత్రమున వ్రాయుదును. ఊళ్లు తిరుగునపుడు లాప్‌టాపున వ్రాయుదును. హైదరాబాదున మా మనుమరాలు తన యంత్రమున దిద్దును. మూడింటను ఉన్నది లినక్సే. ఫిన్‌లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దాని నారంభించెను. ఆ యేటనే యూనికోడు మొదటి కూర్పున మన తెలుగక్షరములకును స్థానము లభించినది.

ఒక వేసవి గాలివానలో ఇంటి యంత్రము చెడినది. బాగుచేసినవారు క్రొత్త డిస్కు బిగించి, లినక్సు నెక్కించి యిచ్చిరి. నిఘంటువు ప్రతి లాప్‌టాపున నుండుటచే దక్కినది. కాని తెఱచి చూతును గదా, ఒత్తులు విడిపోయి అక్షరములు చెల్లాచెదరుగా నున్నవి! మీట నొక్కిన నింగ్లీషే పడుచున్నది. మాటలను వరుసకు దెచ్చు చిన్న ప్రోగ్రాము లేనేలేదు. ఏ ఫాంటును ఎన్నడు తెచ్చితినో, ఏ కీబోర్డు నెట్లు అమర్చితినో, ఒక్కటియు వ్రాసి పెట్టుకొనలేదు. పదునేడు దినములు పని నిలిచిపోయెను. నాకు దుక్కి మాటలు చెప్పుచుండిన ముదుసలి రైతు ఆ దినములలోనే కాలధర్మము నొందెను. కాగితముపై వ్రాసికొనరాదా యందురేమో. వ్రాసికొనవచ్చును. యంత్రము బాగుపడిన పిదప పోదమని జాగుచేసితిని. ఆ తప్పు నాది. ఆయన చెప్పవలసిన మాటలు ఆయనతోనే పోయినవి.

అప్పుడు మా మనుమరాలు, “తాతయ్యా, మీరు మాకందఱికిని సూత్రములు నేర్పితిరి, మీ యంత్రమునకు మాత్రము సూత్రము లేదే!” అన్నది. ఆ మాట నాకు శూలమువలె నాటినది.

యంత్రమును తీర్చుటకు రెండు మార్గములు గలవు. ఒకటి సాధ్యమార్గము: ఇది తెమ్ము, దానిని మార్చుము, ఈ ఫైలున ఆ పంక్తి చేర్చుము అని ఒక్కొక్క క్రియను చేయుచు బోవుట. చేసినది మఱతుము, ఫలము మాత్రము నిలుచును. రెండవది సిద్ధమార్గము: యంత్రము తుదకెట్లుండవలెనో ఆ స్వరూపమునే యొక పత్రమున వ్రాసి, దానిని సాధించు భారమును యంత్రమునకే విడుచుట. ఫాంట్లివి, కీబోర్డిది, ప్రోగ్రాములివి అని చెప్పినచో జాలును.

నెదర్లాండ్సు దేశమున యూట్రెక్టు విశ్వవిద్యాలయపు పరిశోధకుడు ఈల్కో డోల్‌స్ట్రా 2003లో నిక్స్ అను సాధనము నారంభించి, 2006లో దానిపై సిద్ధాంతగ్రంథమును సమర్పించెను. దాని యాధారమున వెలసిన లినక్సునకు నిక్సోస్ అని పేరు. ఇందు ప్రతి ప్రోగ్రామును ప్రత్యేకమైన యఱలో నుండును. ఆ యఱ పేరునకు ముందు ముప్పదిరెండక్షరముల ముద్ర యుండును. ఆ ప్రోగ్రామును నిర్మించుటకు వాడిన మూలము, ఉపకరణములు, ఆధారములు అన్నిటినుండియు లెక్కగట్టిన ముద్ర యది. ఏ యొక్కటి మాఱినను ముద్ర మాఱును, అఱ మాఱును. కావున క్రొత్తది పాతదానిని చెఱుపదు. రెండును ప్రక్కప్రక్కనే యుండును. పత్రమును దిద్ది యంత్రమును పునర్నిర్మించినపుడెల్ల నొక క్రొత్త తరము పుట్టును. అది చెడ్డదైనచో, యంత్రము లేచునపుడు కనబడు పట్టికలో వెనుకటి తరము నెన్నుకొన్న నిన్నటి స్థితి తిరిగి వచ్చును.

ఇక మూడు యంత్రముల మాట. సి.పి. బ్రౌను దొర తాళపత్ర ప్రతులను పెక్కింటిని దెప్పించి, పండితులచేత పోల్పించి, శుద్ధప్రతులను సిద్ధము చేయించెనని మీరెఱుగుదురు. వ్రాయసకాడు మాఱినకొలది పాఠభేదములు పుట్టును. మూడు యంత్రములను చేతితో వేఱువేఱుగా దిద్దినను అట్లే యగును. మేమిప్పుడు ఒక్క మూలప్రతి నుంచుకొంటిమి. దానిని గిట్ అను సాధనముతో భద్రపఱచుచున్నాము. ఏ దిద్దుబాటు ఎవరెన్నడు చేసిరో అందు దెలియును. ప్రోగ్రాముల కూర్పులను ఖండితముగా గుర్తించు తాళపు పత్రమొకటి ప్రక్కన నుండును గావున, మూడు చోట్లను అవే కూర్పులు దిగును.

వ్యాకరణమున ఉత్సర్గమనగా సామాన్యవిధి, అపవాదమనగా విశేషవిధి. తెలుగు ఫాంట్లు, కీబోర్డు, నిఘంటువు ప్రోగ్రాములు మూడింటికిని ఉత్సర్గము. ఇంటి యంత్రమునకు ప్రింటరు, లాప్‌టాపునకు బ్యాటరీ పొదుపు అపవాదములు. డిస్కుల వివరము ఏ యంత్రమున కాయంత్రమే వ్రాసికొనును. దానిని మఱొక దానికి ఎత్తివ్రాయరాదు.

కొన్ని హెచ్చరికలు చేయవలెను. పత్రము యంత్రమునే మరల నిలుపును గాని మీ వ్రాతలను గాదు. వ్రాతలకు వేఱు ప్రతులుండవలెను. రహస్యపదములను పత్రమున వ్రాయరాదు. ఆ యఱలలోనిది ఆ యంత్రమును వాడు వారెల్లరును చదువగలరు. పాత తరములు డిస్కును నింపును గాన నప్పుడప్పుడు ఊడ్చివేయవలెను. నిక్స్ భాష సులభమైనది గాదు. తప్పు జరిగినపుడది చెప్పు మాటలు నాకు నేటికిని సగమే తెలియును. ఒక్క యంత్రమున నాలుగు జాబులు వ్రాసికొనువారికి ఇంత శ్రమ యక్కఱలేదు.

పత్రము పూర్తియైన పిదప పరీక్షార్థము ఇంటి యంత్రపు డిస్కును మేమే తుడిచివేసితిమి. నా చేతులు వణకినవని యొప్పుకొందును. సాయంకాలము దీపములు పెట్టువేళకు ఒత్తులు వాని చోట్ల నవి కుదురుకొన్నవి, నిఘంటువు తెఱచుకొన్నది. అయినను ఆ ముదుసలి చెప్పవలసిన మాటల చోట ఆ పుట యింకను ఖాళీయే.

కావున అయ్యలారా, అమ్మలారా, మీరమర్చుకొన్నదానిని వ్రాసి యుంచుకొనుడు; యంత్రమెప్పుడైనను మరల వచ్చును. మాట చెప్పగల పెద్దలయొద్దకు మాత్రము నేడే పొండు. సెలవు.