సిల్తారా పక్కన పారే ఖారూన్

సిల్తారా శాఖలో చేరిన మొదటి నెలలో ఒక ఉక్కు యూనిట్ రుణ ప్రతిపాదన చూస్తుంటే, "నీటి వనరు" అన్న గడిలో "ఖారూన్ నది" అని కనిపించింది. గోదావరి నీళ్లు తాగి పెరిగినవాణ్ణి. ఆ పేరు అంతకుముందు వినలేదు. ఆ రాత్రి రాయపూర్‌లోని మా ఇంట్లో ఈ మాట చెబితే, మా అమ్మాయి "మరి మన కుళాయిలో వచ్చేవి ఏ నది నీళ్లు నాన్నా?" అంది. జవాబు తెలుసుకోవడానికి కొన్ని ఆదివారాలు పట్టింది.

ఖారూన్ బాలోద్ జిల్లాలో పుట్టి ఉత్తరంగా ప్రవహిస్తుంది. రాయపూర్ పడమటి అంచును తాకుతూ, సిల్తారాకు పడమరగా సాగి, సిమ్గా దగ్గర సోమనాథ్ వద్ద శివనాథ్‌లో కలుస్తుంది. శివనాథ్ శివరీనారాయణ్ ప్రాంతంలో మహానదిలో చేరుతుంది. అంటే మన శాఖ ముందు పడిన వాన చివరికి ఒడిశా తీరం చేరాల్సిందే.

మహానది ధమ్తరీ జిల్లా సిహావా కొండల్లో పుట్టి, సుమారు 850 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలో కలుస్తుంది. దీని ఒడ్డునే రాజిమ్ సంగమం, సిర్పూర్‌లో 7వ శతాబ్దపు ఇటుక లక్ష్మణాలయం ఉన్నాయి. 1957లో ప్రారంభమైన హిరాకుడ్ ఆనకట్ట కూడా దీనిమీదే. మనవాళ్లకు నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. జగదల్‌పూర్ దారిలో కేశకాల్ ఘాట్ దాటితే వాన నీటి దారి మారుతుంది. అటు పడ్డ చినుకు ఇంద్రావతి మీదుగా మన గోదావరికే వస్తుంది.

ఇక అమ్మాయి ప్రశ్న. రాయపూర్ తాగే నీళ్లు ఎక్కువగా ఖారూన్‌వే. భాటాగావ్ దగ్గర తోడి, శుద్ధి చేసి పంపుతారు. ఎండాకాలంలో నది సన్నబడితే, మహానది మీది గంగ్రేల్ జలాశయం నుంచి కాలువ ద్వారా నీళ్లు వదులుతారు. కార్తిక పౌర్ణమికి మహాదేవ్ ఘాట్‌లో పున్నీ మేళా జరిగేదీ ఈ నది ఒడ్డునే.

అదే నది నీళ్లు పరిశ్రమలకూ కావాలి. స్పాంజ్ ఐరన్‌ను చల్లార్చాలన్నా, విద్యుత్ యూనిట్‌లో ఆవిరి పుట్టాలన్నా నీరు తప్పదు. నగరపు మురుగు చేరేదీ నదిలోనే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశంలో గుర్తించిన 351 కలుషిత నదీభాగాల్లో ఖారూన్ కూడా ఉంది.

అలాగని ఆశ వదులుకోనక్కర్లేదు. హిరాకుడ్ ప్రారంభమైన 1957లోనే లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం అక్కడి థేమ్స్ నదిలో జీవం లేదని తేల్చింది. 346 కిలోమీటర్ల ఆ నదిని లండన్ నగరం తన మురుగుతోనే ఆ స్థితికి తెచ్చింది. తర్వాత మురుగుశుద్ధి కేంద్రాలను మెరుగుపరిచారు, ఫ్యాక్టరీల వ్యర్థాలను కట్టడి చేశారు. చేపలు తిరిగి వచ్చాయి. దానికి దశాబ్దాలు పట్టింది.

రుణ ఫైళ్లలో కాలుష్య మండలి అనుమతి పత్రం ఉంటుంది. దాని గడువు తేదీ, వ్యర్థజలాల షరతులు చూడటం మన పనిలో భాగమే. నిజం చెప్పాలంటే, ఒకప్పుడు ఆ కాగితం ఉందో లేదో చూసి టిక్కు పెట్టి ముందుకెళ్లేవాణ్ణి. ఇప్పుడు షరతులన్నీ చదువుతున్నాను, యూనిట్ తనిఖీకి వెళ్లినప్పుడు శుద్ధి ప్లాంటు నడుస్తోందో లేదో చూసి వస్తున్నాను. ఆ నీళ్లే కదా సాయంత్రం మా ఇంటి కుళాయిలో వచ్చేవి అనలేను, ఎందుకంటే సిల్తారా భాటాగావ్‌కు దిగువన ఉంది. కానీ దిగువనా ఊళ్లున్నాయి, అక్కడా ఎవరో అమ్మాయి తన నాన్నను ఇదే ప్రశ్న అడుగుతూ ఉంటుంది.