పాత ట్రాక్టరు బాగుచేయించుటా, వదులుకొనుటా?

మృగశిర కార్తె ప్రవేశించగానే నస్పూర్, శ్రీరాంపూర్ చుట్టుపట్ల పత్తి చేల దుక్కులు ముమ్మరమగును. సరిగా అప్పుడే పాత ట్రాక్టరు మొరాయించును. వాన కురిసి పదును ఆరిపోవుచుండగా రైతు బేరమాడు స్థితిలో నుండడు. మెకానిక్ చెప్పిన సొమ్మును వడ్డీకి తెచ్చి ఇచ్చును. ఆ అప్పు పత్తి తీతల నాటికి కూడ తీరకపోవచ్చును. కనుక ట్రాక్టరును బాగుచేయించుటయా, మానుటయా అను నిర్ణయమును యాసంగి కోతలు కాగానే, తీరిక వేళ చేసికొనవలెను.

లారీకి, జీపుకు ఉన్నట్లు ట్రాక్టరుకు వేరుగా చాసిస్ ఉండదు. ఇంజను, గేరుబాక్సు, వెనుక ఇరుసు పెట్టె ఒకదానికొకటి బోల్టులతో బిగించబడి, అవియే వెన్నెముకగా పనిచేయును. అందుచే మొదట చూడవలసినది ఇంజను కాదు, ఈ పోతఇనుప పెట్టెలు. మట్టి, గ్రీజు కడిగించి చూడుడు. పగులుగాని, పాత వెల్డింగు అతుకుగాని కనిపించినచో మిగిలిన పరీక్ష అనవసరము. మనది బొగ్గు గనుల ప్రాంతము గనుక మంచి వెల్డర్లకు కొదువ లేదు. వారు అతికించగలరు కూడ. కాని నాగలి బరువుపై పడినప్పుడు పోతఇనుము అతుకు ప్రక్కననే మరల పగులును. పెట్టెనే మార్చవలసి వచ్చినచో ఖర్చు చాల పెరుగును.

ఇంజనును ఉదయము, చల్లగా నున్నప్పుడు పరీక్షించవలెను. కొనబోవు బండియైనచో మీరు పోకముందు దానిని నడిపి వేడిచేయలేదని చేయి పెట్టి చూచుకొనుడు. నల్లపొగ చూచి బెదరి ఇంజను విప్పించరాదు. గాలి ఫిల్టరు పూడిపోయినను, ఇంజెక్టర్లు చెడినను నల్లపొగ వచ్చును. అవి చిన్న ఖర్చులు. నీలిపొగ వచ్చినచో ఇంజను నూనె కాలుచున్నదని అర్థము. ఇంజను తిరుగుచుండగా నూనె పోయు మూత తీసి చూడుడు. అక్కడ నుండి గాలి, పొగ దబదబ తన్నుచున్నచో పిస్టన్ రింగులు, లైనర్లు అరిగినట్లే. వేడెక్కిన తరువాత నూనె ఒత్తిడి ముల్లు పడిపోవుచున్నచో క్రాంకు బేరింగులను అనుమానించవలెను. రేడియేటరులో నూనె తెట్టు, లేదా నూనె పుల్లపై పాలవంటి రంగు కనిపించినచో నీరు, నూనె ఎక్కడనో కలియుచున్నవి.

మన వైపు వరి మళ్లలో కేజ్ వీల్స్‌తో దమ్ము చేసిన బండ్లకు మరియొక జబ్బు గలదు. ఇరుసు మునుగునంత బురదలో తిరుగుటచే ఆయిల్ సీళ్లు చెడి, బురదనీరు వెనుక పెట్టెలోనికి దిగును. గేరు నూనెను కొద్దిగా సీసాలోనికి దించి చూచినచో బయటపడును. ఇంజనుకు కొత్త రింగులు వేయించి, ఈ నూనెను చూడక వదిలిన రైతులు రెండవ దఫా ఖర్చు పెట్టుకొందురు. గంటల మీటరును మాత్రము నమ్మకుడు, దానిని మార్చుట సులభము. క్లచ్ పెడలు అరుగుదల, పి.టి.ఓ. షాఫ్టు పండ్లు, నాగలి తగిలించు రంధ్రముల సాగుదల అబద్ధమాడవు.

విడిభాగములు దొరకుట కూడ ముఖ్యమే. మాస్సీ ఫెర్గూసన్ 1035, మహీంద్రా 265 వంటి వాటికి సామాను దొరకుట సులభము. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల సంగతి వేరు. పింజోరులోని ఆ ట్రాక్టర్ల శాఖను మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము 2016లో ఆమోదించెను. అట్టి బండికి ముందు సామాను దొరకబుచ్చుకొని, పిమ్మట విప్పించుడు.

ఇక లెక్క. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు, మీ అంకెలు మీరు వేసికొనుడు. చెడియున్న బండి ఉన్నదున్నట్లు రూ.1,20,000 పలుకుచున్నది, మరమ్మతు రూ.90,000 అనుకొందము. మీరు పెట్టుచున్నది తొంబది వేలు కాదు, రెండు లక్షల పదివేలు. ఏలయన అమ్మినచో చేతికి వచ్చు సొమ్మును కూడ అందులోనే ఉంచుచున్నారు. నిరుడు టైర్లకు పెట్టిన ఖర్చును మాత్రము ఈ లెక్కలోనికి తేరాదు. అది పోయిన సొమ్ము.

బండి మరి 4 సంవత్సరములు పనిచేసి, చివరకు లక్ష పలికినచో తరుగు రూ.1,10,000. నూటికి పండ్రెండు చొప్పున సగటు పెట్టుబడిపై వడ్డీ రూ.74,400. చిల్లర మరమ్మతులు, భీమా ఏటికి ఇరువది వేల చొప్పున రూ.80,000. మొత్తము రూ.2,64,400. ఇరుగుపొరుగు కిరాయిలతో కలిపి ఏటికి 300 గంటలు నడిపినచో గంటకు రూ.220 పడును. డీజిలు, డ్రైవరుకు మరి ఐదువందలు కలిపినను రూ.720. అదే సొంత పదియెకరములకే ఏటికి 60 గంటలు నడిపినచో గంటకు రూ.1,100, డీజిలు, డ్రైవరుతో రూ.1,600. మీ ఊరిలో గంట కిరాయి వెయ్యి రూపాయలైనచో రెండవ రైతు బండిని అమ్మి, కిరాయికి దున్నించుకొనుటయే లాభము. ఇంటి ముందు ట్రాక్టరుండుట గౌరవమే గాని, ఆ గౌరవమునకు గంటకు ఆరువందలు చెల్లించుచున్నారని ఎరుగవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 12 నుండి 5 శాతమునకు, ట్రాక్టరు టైర్లు, విడిభాగములపై 18 నుండి 5 శాతమునకు తగ్గెను. అంతకు ముందు వ్రాయించుకొన్న ఖర్చు అంచనాలుండినచో తిరిగి వేయించుడు.

మెకానిక్కుకు బయానా ఇవ్వకముందే కాగితములు చూచుకొనుడు. వ్యవసాయ ట్రాక్టరు రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. పిమ్మట తనిఖీ చేయించి ఐదేండ్లకొకసారి పొడిగించుకొనవలెను. బండి ఇప్పటికిని చనిపోయిన తండ్రి పేరననే యున్నచో ముందు వారసుల పేరునకు మార్పించుడు. బ్యాంకు అప్పు తీరినను ఆ సంగతి రిజిస్ట్రేషను పత్రములో కొట్టివేయించనివారు కొందరు గలరు, అట్టి బండి అమ్మకమునకు చిక్కు వచ్చును. బండిని వదులుకొనదలచినవారు తుక్కు వ్యాపారికి తూకమునకు ఇచ్చి ఊరకుండరాదు. రిజిస్టరైన తుక్కు కేంద్రమునకు అప్పగించి, వారిచ్చు ధ్రువపత్రముతో మంచిర్యాల రవాణా కార్యాలయములో రిజిస్ట్రేషను రద్దు చేయించుకొనవలెను. లేనిచో ఆ నంబరుపై మరియొకరు బండి నడిపి ప్రమాదము చేసినను, పోలీసులు వెదకివచ్చునది మీ ఇంటికే.