నాన్నగారి సంతకం

వైద్యులం గదా అని ప్రతిసారీ మమ్మల్ని బి.పి. గురించో, చక్కెర వ్యాధి గురించో రాయమంటారు. ఈసారి మందుల ఊసు లేదు. మాకు తెలియక దెబ్బతిన్న సంగతి ఒకటి మీతో చెప్పుకుందామని కూర్చున్నాం.

మా నాన్నగారు తెనాలిలో ఉంటారు. రిటైరైన హైస్కూలు మాస్టారు. నాలుగేళ్ల కిందట మతిమరుపు మొదలై, డిమెన్షియా అని తేలింది. పగలొకరు, రాత్రొకరు మనిషిని పెట్టవలసి వచ్చింది. డబ్బుకు లోటు లేదు. ఆయన కూడబెట్టిన ఫిక్సెడ్ డిపాజిట్లున్నాయి. కాని అన్నీ ఆయన ఒక్కరి పేరనే ఉన్నాయి. అంతకు ముందు సెలవులో ఆయన చేత పవరాఫ్ అటార్నీ రాయించుకున్నాం గనుక ధీమాగా బ్యాంకుకు వెళ్ళాం. "మాస్టారికి ఇప్పుడు తెలివిడి ఉందా?" అన్నారు. లేదని మా నోటితోనే చెప్పవలసి వచ్చింది. దాచి ఉంటే పని జరిగేదేమో. దాచలేకపోయాం.

1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, రాసిచ్చిన వ్యక్తికి మతి స్థిమితం తప్పితే ఆ అధికారం అంతటితో ఆగిపోతుంది. అంటే ఏ రోజున ఆ కాగితం అవసరమైందో ఆ రోజునే అది చెల్లకుండా పోయిందన్నమాట! ఇలాంటి పెద్దల ఆస్తికి సంరక్షకుణ్ణి నియమించడానికి సూటియైన చట్టం లేక, హైకోర్టులు రాజ్యాంగం 226వ అధికరణం కింద నియమిస్తున్నాయి. మేమూ ఆ దారినే పోయాం. అమ్మను సంరక్షకురాలిగా నియమించడానికి ఏడు నెలలు పట్టింది. ఇక్కడినుంచి పంపుతూనే ఉన్నాం, అయినా చాలలేదు. అమ్మ మాకు చెప్పకుండా గాజులు కుదువబెట్టింది. అదేమిటమ్మా అంటే, "మీకు పిల్లల ఫీజులున్నాయి గదరా" అంది.

అందుకే చెబుతున్నాం. అమ్మానాన్నలు తెలివిగా ఉన్నప్పుడే ఖాతాలను ఇద్దరిలో ఎవరైనా తీసుకునేట్టు మార్పించండి. డిపాజిట్లు గడువుకు ముందే తీయవలసి వస్తే ఎవరి సంతకం కావాలో అప్పుడే అడిగి రాయించండి. వీలునామా, నామినేషన్లు చూసుకోండి.

ఇల్లు పిల్లల పేర రాసే పెద్దలున్నారు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 23వ సెక్షను అందుకే ఉంది. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి పుచ్చుకుని చూడకపోతే, ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దు చేయవచ్చు. అయితే ఆ షరతు దస్తావేజులో స్పష్టంగా రాయించడమే క్షేమం. మాట మీద నమ్మకం మంచిదే, కాగితం మీద ఉంటే ఇంకా మంచిది. అదే చట్టం కింద పోషణకు దరఖాస్తు పెట్టుకోవచ్చు గాని, చట్టంలో గరిష్ఠం నెలకు పదివేల రూపాయలే. ఇద్దరు మనుషుల జీతానికి అదేపాటి? 70 ఏళ్లు దాటినవారందరికీ 2024 నుంచి వచ్చిన ఆయుష్మాన్ భారత్ ఐదు లక్షలు కూడా ఆసుపత్రిలో చేరితేనే గాని, ఇంట్లో మనిషిని పెట్టుకోవడానికి కాదు.

వకీలుకు ఇచ్చుకోలేమని ఆగిపోవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగాలి. ఈ సంగతి అమ్మకు గాని, మాకు గాని తెలియలేదు. తెలిసి ఉంటే గాజులు చేతికే ఉండేవేమో. ఇక్కడ దుబాయిలో మన కాన్సులేటు వారి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రంలోనూ న్యాయసలహా చెబుతారు. అక్కడి ఆస్తి వ్యవహారాలకు మీరు ఊళ్లో ఎవరికైనా పవరాఫ్ అటార్నీ పంపితే, కాన్సులేటులో ధ్రువీకరణ చేయించండి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి, మరువకండి.

చివరగా మన సంగతి. ఇక్కడ మనకు పింఛను లేదు. ప్రైవేటు ఉద్యోగాల్లో సాధారణంగా మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజులు, ఆపైన 30 రోజుల మూలవేతనం గ్రాట్యుటీగా వస్తుంది, మొత్తం రెండేళ్ల వేతనానికి మించదు. ఆ మొత్తంతో ఊరు చేరే మనకూ ఒకనాడు పగలొకరు, రాత్రొకరు కావలసి రావచ్చు. కాబట్టి ఈ సెలవుకు పచ్చళ్లతో పాటు కాగితాలూ చూసుకుని రండి. మేము వకీళ్లం కాము సుమా, మీ సంగతి మీ ప్లీడరుగారినే అడగండి.

నాన్నగారికి ఇప్పటికీ కలం ఇస్తే తన పేరు ముత్యాల్లా రాస్తారు. అది ఎవరి పేరండీ అని అడిగితే చెప్పలేరు. ఆ సంతకానికి విలువున్న రోజుల్లో అడగవలసింది అడగనందుకే ఈ నాలుగు మాటలూ.