తెల్లబడిన మచ్చ ఏం చెబుతుంది?

పాప్ స్మియర్ రిపోర్టులో ‘అసాధారణం’ అన్న మాట చూడగానే కొందరు కుమిలిపోతారు. కొందరు ఆ కాగితాన్ని బీరువాలో బట్టల కింద దాచేస్తారు. ఆ మాటకు అర్థం క్యాన్సర్ అని కాదు. గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన కణాల్లో కొన్ని ఉండాల్సిన తీరులో లేవు, దగ్గరగా చూడాలి అని.

అలా చూడటమే కాల్పోస్కోపీ. 1925లో జర్మన్ వైద్యుడు హాన్స్ హిన్సెల్మన్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. భూతద్దాలున్న పరికరం బయటే ఉంటుంది, ఒంట్లోకి వెళ్లదు. డాక్టరు ముఖద్వారానికి పలుచటి అసిటిక్ ఆమ్లం అద్దుతారు. వంటింటి వెనిగర్‌లో ఉండేదే అది. మామూలు కణాలు గులాబీ రంగులోనే ఉంటాయి. మార్పు వచ్చిన కణాల్లో కేంద్రకాలు పెద్దవి, ప్రొటీన్ ఎక్కువ. అందుకే ఆమ్లం తగిలిన నిమిషం, రెండు నిమిషాల్లో ఆ చోటు తెల్లబడుతుంది. తర్వాత అయోడిన్ పూస్తారు. ఆరోగ్యమైన కణాల్లో గ్లైకోజెన్ నిల్వ ఉంటుంది కనుక అవి ముదురు గోధుమ రంగుకు తిరుగుతాయి, మారిన చోటు పసుపుపచ్చగా మిగిలిపోతుంది. ఇంత చవకైన రెండు ద్రవాలు కణం లోపలి సంగతిని కంటికి చూపించడం నాకు ఎప్పుడూ అబ్బురమే.

తెల్లబడిన ప్రతి మచ్చా ప్రమాదకరం కాదు. వాపు ఉన్నా తెల్లబడొచ్చు. అందుకే అనుమానం ఉన్న చోట బియ్యపుగింజంత ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. గిచ్చినట్టుంటుంది, కొద్ది రోజులు కాస్త రక్తపు మరక కనబడొచ్చు.

అసలు తీర్పు బయాప్సీదే. కణాల్లో తేలికపాటి మార్పు, అంటే సీఐఎన్-1 అని వస్తే చాలామందిలో అది తనంతట తానే తగ్గిపోతుంది, డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ పరీక్ష చేయించుకుంటే చాలు. తీవ్రమైన మార్పు, అంటే సీఐఎన్-3, అలా వదిలేసేది కాదు. న్యూజిలాండ్‌లో ఒకప్పుడు దానికి సరైన చికిత్స అందని స్త్రీలలో, 30 ఏళ్లు గడిచేసరికి పదిమందిలో సుమారు ముగ్గురికి క్యాన్సర్ వచ్చింది. చికిత్స మాత్రం చిన్నదే. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, కరెంటుతో వేడెక్కే సన్నని తీగతో ఆ పొరను తీసేస్తారు. సాధారణంగా అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు. గర్భసంచి అలాగే ఉంటుంది.

ఈ చివరి మాట మన ఆడవాళ్లకు మరీ ముఖ్యం. గర్భసంచి తీసే ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. స్మియర్ రిపోర్టు ఒక్కటే చూసి ఎవరైనా గర్భసంచి తీసేద్దామంటే, సంతకం పెట్టకముందే అడగండి: కాల్పోస్కోపీ చేశారా, బయాప్సీలో ఏ దశ అని వచ్చింది?