గేదె కడుపులోని తీగ

గడచిన సంవత్సరము పదవ తరగతిలో ఎక్సు కిరణములను గూర్చి మేము చెప్పుచుండగా, వెనుక బల్లమీది బాలుడొకడు లేచి "మాస్టారండీ, గేదెకు కూడా ఎక్స్‌రే తీస్తారా?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వినది. మాకు మాత్రము నవ్వు రాలేదు.

మా బాల్యమున మా తండ్రిగారి పాకలో నొక చూడిగేదె యుండెడిది. ఈనుటకు నెలదినములు గలవనగా నది మేత మానినది. ముందుకాళ్ల మోచేతులను ప్రక్కలకు చాచి కదలక నిలుచుండెను. కాలువగట్టు ఎక్కుమన్న నెక్కెను గాని, దిగుమన్న మూలుగుచు దిగకపోయెను. కొన్నాళ్లకు మెడక్రిందను, రొమ్మునను నీరుపట్టి వాచెను. అజీర్తి యనుకొని మావారు శొంఠియు, ఇంగువయు నూరి పోసిరి. పదునాఱవ దినమున నది చనిపోయెను. కోసి చూడగా గుండెచుట్టు చీము, ఆ చీములో దడి కట్టిన ఇనుపతీగ ముక్క, నాలుగంగుళములది, దొరకెను. దానితో కడుపులోని దూడయు పోయెను. ఆ గేదె పాలతో ఆ యేటి మా బడిజీతము కట్టవచ్చునని మా తల్లిగారు లెక్క వేసికొని యుండిరి.

తీగ కడుపులో నుండి గుండెకెట్లు పోయినదని మీరడుగవచ్చును. పశువునకు పై దవడయందు ముందుపండ్లు లేవు. అది గడ్డిని నాలుకతో చుట్టి లాగి, నమలకయే మ్రింగి, పిమ్మట తీరికగా నెమరు వేయును. గడ్డితో కూడ మేకు గాని తీగ గాని లోపలికి పోయినచో, బరువు వస్తువగుటచే తేనెపట్టు వలె గదులుగల రెండవ కడుపునందు నిలిచిపోవును. ఈ రెండవ కడుపునకును గుండెకును నడుమ నున్నది ఉదరవితానమను పలుచని తెర మాత్రమే. కడుపు ముడుచుకొనునప్పుడెల్ల తీగ మొన ముందునకు త్రోయబడును. చూడి ముదిరినప్పుడు గర్భము వెనుకనుండి నొక్కుటచే అపాయము మఱింత హెచ్చును.

జర్మనీదేశమున ఉపాధ్యాయుడైన రాంట్‌జెన్ 1895 నవంబరు 8వ తేదీన ఎక్సు కిరణములను కనుగొనెను. మఱుసటి సంవత్సరమే గుఱ్ఱపు డెక్కను ఈ కిరణములతో పటము తీసిరి. అయినను డెక్క వేరు, గేదె వేరు. మనుష్యుని రొమ్మునకు చాలిన యంత్రము నాలుగైదు వందల కిలోల శరీరము నెదుట చాలదు. ఎక్కువ శక్తిగల యంత్రము కావలెను. ఇనుము కిరణములను పోనీయదు గాన తీగ పటముపై తెల్లని గీతవలె కనబడును.

గీత కనబడినంతమాత్రమున వ్యాధి తెలిసినదనుకొనుట పొరబాటు. ఏ బాధయు లేక తిరుగు పశువుల కడుపులలోను మేకులుండును. తీగ కడుపు అడుగున పరుండి యున్నదా, లేక అడుగునుండి లేచి వాలుగా నిలిచి యున్నదా, గోడను దాటినదా, చుట్టును చీముగడ్డ యున్నదా యని చూడవలెను. చీమును, గుండెచుట్టు చేరిన నీటిని చూపుటకు అల్ట్రాసౌండు మేలు. అది సెకండునకు ముప్పదియైదు లక్షలు మొదలు ఏబది లక్షల కంపనములుగల ధ్వనిని లోనికి పంపి, మరలివచ్చు ప్రతిధ్వనితో చిత్రము గీయును. అయితే ధ్వని గాలిని దాటజాలదు. కాబట్టి ఒకటి తీగను చూపును, ఒకటి తీగ చేసిన పుండును చూపును. రెంటిని కలిపి చదువువాడు కావలెను.

ఆ చదువు నేర్పువారే పశువైద్య కళాశాలలయందలి ఆచార్యులు. మనదేశమున సాధారణముగ ఈ శాఖకు "శస్త్రచికిత్స మఱియు రేడియాలజీ" యని పేరు. కోయు చేతిని, పటము చదువు కన్నును ఒకే చోట నుంచిరి. దీనివలన నొక లాభము కలదని మా యభిప్రాయము. ఉదయమున పటము చూచి తాను చెప్పినది నిజమో కాదో, మధ్యాహ్నము కడుపు కోసినప్పుడు ఆచార్యునకు తన కన్నులయెదుటనే తేలును. తప్పైనచో విద్యార్థులయెదుటనే తప్పగును! ఉదరవితానము చినిగి రెండవ కడుపు రొమ్ములోనికి జారు వ్యాధి మన గేదెలలో నెక్కువ. దానిని పటములతో పోల్చి పరిశోధించిన పని చాలవఱకు మనదేశపు కళాశాలలలోనే జరిగినది. గుఱ్ఱములను, కుక్కలను జూచి వ్రాసిన పాశ్చాత్యుల గ్రంథములలో నిది కొంతయే దొరకును.

ఒకప్పుడు మన జిల్లాల బాలురు ఈ విద్యకై 1903లో స్థాపింపబడిన మద్రాసు కళాశాలకు పోవలసి యుండెను. తిరుపతి కళాశాల 1955 నాటిది. మనకు దగ్గఱైన గన్నవరపు కళాశాల 1998లో ఏర్పడినది. ఈ రెండును 2005లో తిరుపతియందు వెలసిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమునకు చేరినవి. ఇంటరులో జీవశాస్త్రము చదివి, బి.వి.ఎస్సి. పట్టమునకు ఐదున్నర యేండ్లు, పిమ్మట ఎం.వి.ఎస్సి.కి రెండేండ్లు, పిహెచ్.డి.కి సుమారు మూడేండ్లు పట్టును. పదియేండ్ల చదువు. తలిదండ్రులు దీనిని ముందుగానే ఎఱిగియుండుట మంచిది.

అపాయము లేని పనియును కాదు. మనుష్యుడు చెప్పిన ఊపిరి బిగించి నిలుచును. గేదె నిలువదు గాన నొకరు పట్టుకొనవలెను. వారు సీసపు తొడుగు ధరింతురు, వీలైనంత దూరముగ నుందురు. దూరము రెట్టింపైన తీవ్రత నాలుగవ వంతగునని మనము తరగతిలో చేయు లెక్క అచ్చట ప్రాణరక్షణ.

ఇంత చదివినవాడు గన్నవరమున కూర్చున్న నగరములోని గేదెకేమి లాభమని యొక పెద్దమనిషి మమ్మడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. మూలుగుచున్న గేదెను లారీ కెక్కించి గోదావరి దాటించుట దానిని చంపుటయే కావచ్చును. పెద్ద యంత్రము మన యూరికి రాదు. కాని దానియెదుట వందల పటములు చూచి, ఏ మూలుగునకు ఏ నీడ సరిపోవునో నేర్చిన విద్యార్థి మన పశువుల ఆసుపత్రికి డాక్టరై వచ్చును. అతడు మెడ వెనుక వెన్ను పట్టి నొక్కి, మూలుగు విని, తీగయని యనుమానించును. సమయమున్నచో పెద్దకడుపు కోసి తీయును, లేనిచో అయస్కాంతము మ్రింగించి తీగ కదలకుండ చూచును. చేతితో మోయదగిన అల్ట్రాసౌండు యంత్రములును ఇప్పుడు వచ్చినవి. వానితో ముప్పది దినములకే చూడి కట్టినది లేనిది తెలియును. చేతి పరీక్షకు సాధారణముగ రెండు నెలలు పట్టును. వట్టి గేదెను మేపిన ఆ నెల ఖర్చు ఏమో పాడి చేయువారికి మేము చెప్పనక్కఱలేదు.

ప్రశ్న యడిగిన బాలుడు ఈ యేడు ఇంటరున జీవశాస్త్రము తీసికొని చేరినాడు. డాక్టరైనచో మనుష్యుల డాక్టరే కావలెనని అతని తండ్రిగారి పట్టుదల. వారికి రెండు గేదెలున్నవి. వచ్చు ఆదివారము వారింటికి పోయి మాటలాడవలెనని యనుకొనుచున్నాము.