అడవి లేని చెట్టు: బ్రుగ్మాన్సియా పెంపకం - శీతోష్ణస్థితి, నామవిచారం

వ్యాస సంగ్రహం:
దక్షిణ అమెరికాకు చెందిన బ్రుగ్మాన్సియా పూలను చూడగానే తెలుగువారికి ఉమ్మెత్త గుర్తుకు వస్తుంది. ఈ పోలిక విషం విషయంలో నిజం చెబుతుంది. నీరు, నేల, ఉష్ణోగ్రతల విషయంలో పెంపకందారును దారి తప్పిస్తుంది. ఈ ప్రజాతిలోని జాతులన్నీ సహజారణ్యాలలో అంతరించి, మనుషులు నాటిన చోట్లనే మిగిలి ఉన్నాయి. కాబట్టి ఏ శీతోష్ణస్థితిలో ఏ జాతి పూస్తుందన్న ప్రశ్న ఉద్యానకళకు మాత్రమే పరిమితమైనది కాదు. ఆ ప్రశ్నను వృక్షనామాల చరిత్రతో కలిపి ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: బ్రుగ్మాన్సియా, ఉమ్మెత్త, దత్తూరం, వృక్షనామాలు, పంగ, నీలగిరులు, కొమ్మ ముక్కలు.

1. ఉపోద్ఘాతం:
ఉమ్మెత్త తెలుగు ఇంటికి కొత్త మొక్క కాదు. వినాయక చవితినాటి ఏకవింశతి పత్రపూజలో ‘దత్తూరపత్రం’ ఒకటి. శివపూజలో దాని పువ్వుకు స్థానముంది. దిబ్బల మీద, బాటల పక్కన ఎవరూ నీరు పోయకుండానే అది పెరుగుతుంది. ఈ పరిచయంతో ఊటీకి వెళ్లిన తెలుగు యాత్రికునికి అక్కడి కంచెల వెంబడి, వాగుల ఒడ్డున ఒక వింత చెట్టు కనిపిస్తుంది. పువ్వు ఉమ్మెత్త పువ్వే అనిపిస్తుంది. కాని జానెడు పొడవును మించి, తలకిందులుగా వేలాడుతూ ఉంటుంది. మొక్క చూస్తే మనిషి కంటె ఎత్తైన చెట్టు. సాయంత్రమయ్యేసరికి సువాసన దారంతా వ్యాపిస్తుంది. ‘ఇది ఉమ్మెత్త చెట్టు’ అని అతడు పేరు పెట్టుకుంటాడు. తోటమాలి చేసే పొరపాట్లలో చాలా భాగం ఆ పేరుతోనే మొదలవుతాయి.

2. పేరు ప్రయాణం:
ఈ పొరపాటు సామాన్యుడిది మాత్రమే కాదు. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ఈ చెట్టును ‘దతురా అర్బోరియా’ అని వర్ణించాడు. ‘అర్బోరియా’ అంటే చెట్టు రూపంలో ఉన్నది; ‘దతురా’ మన ‘ధత్తూర’ శబ్దం నుంచి వచ్చినదే. అంటే ఆండీస్ పర్వతాల చెట్టుకు భారతీయ నామం పెట్టడం జరిగింది. 1805లో పెర్సూన్ దీన్ని వేరు చేసి, లైడెన్ ఆచార్యుడైన సెబాల్డ్ యుస్టినస్ బ్రుగ్మాన్స్ పేరు మీద ‘బ్రుగ్మాన్సియా’ అన్న ప్రజాతిని ఏర్పరచాడు. ఆ తరువాత కూడా పలువురు దీన్ని దతురాలోనే కలిపి చెప్పారు. 1973లో టామ్ లాక్‌వుడ్ రెండింటి భేదాలను నిరూపించిన తరువాతనే విభజన స్థిరపడింది.

భేదాలు చిన్నవి కావు. ఉమ్మెత్త గుల్మం, బ్రుగ్మాన్సియా కాండం కలపగా మారే బహువార్షికం. ఉమ్మెత్త పువ్వు పైకి లేచి ఉంటుంది. దీని పువ్వు వేలాడుతుంది లేదా పక్కకు వంగుతుంది. ఉమ్మెత్తకాయ మీది ముళ్లు దీని కాయకు ఉండవు. రెండూ వంకాయ కుటుంబానికి చెందినవే.

సంస్కృత నిఘంటుకారులు ఉమ్మెత్తకు పెట్టిన పేర్లు ఇక్కడ గమనింపదగినవి. అమరకోశం చెప్పిన పర్యాయపదాలలో ఉన్మత్త, కితవ, ధూర్త శబ్దాలున్నాయి: పిచ్చివాడు, జూదరి, మోసగాడు. ‘ఉమ్మెత్త’ అన్న మాట ‘ఉన్మత్త’ శబ్దానికి తద్భవం. ఆండీస్ ప్రాంతంలో బ్రుగ్మాన్సియాకు స్పానిష్ భాషలో ‘బొర్రాచెరో’ అని పేరు. ‘తాగి మత్తెక్కినవాడు’ అన్న అర్థమిచ్చే మాట నుంచి వచ్చింది. పరస్పరం పరిచయం లేని రెండు భాషాసమాజాలు రెండు మొక్కలకు ఒకే హెచ్చరికను పేరుగా పెట్టాయి. నర్సరీ వ్యాపారం ప్రచారంలోకి తెచ్చిన ‘ఏంజెల్స్ ట్రంపెట్’, అంటే ‘దేవదూత బాకా’, ఆ హెచ్చరికను పూర్తిగా తుడిచివేసింది. అందమైన పేరే, కాని పసిపిల్లలున్న ఇంటి పెరటికి తగిన పేరు కాదు.

ఇంకొక మాట. ఉమ్మెత్త కూడా మన నేలపై పుట్టినది కాకపోవచ్చు. దతురా జాతులకు అమెరికా ఖండమే జన్మస్థానమని, అయితే కొలంబస్‌కు ఎంతో ముందే, సామాన్య శకం 4వ శతాబ్దిలోపే కనీసం ఒక జాతి పాత ప్రపంచానికి చేరిందని ఆర్. గీత, వలీద్ ఘరైబే 2007లో ‘జర్నల్ ఆఫ్ బయోసైన్సెస్’లో వాదించారు. వారి ఆధారాలలో సంస్కృత గ్రంథాలలోని పేర్లు ముఖ్యమైనవి. వృక్షచరిత్రకు నిఘంటువు సాక్ష్యమివ్వగలదని ఈ పరిశోధన చూపింది.

3. ఏడు జాతులు - రెండు స్వభావాలు:
బ్రుగ్మాన్సియాలో ఏడు జాతులను గుర్తిస్తారు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం తన ఎర్ర జాబితాలో ఈ ఏడింటినీ ‘వన్యస్థితిలో అంతరించినవి’గా పేర్కొంది. తోటల్లో ఇంత సమృద్ధిగా కనిపించే చెట్టుకు అడవి లేకపోవడం విచిత్రమే. దీని విత్తనాలను వ్యాప్తి చేసిన పెద్ద జంతువులు ఏనాడో నశించి ఉండవచ్చునని ఒక ఊహ ఉంది. అది ఊహ మాత్రమే. నిశ్చయంగా చెప్పగలిగింది ఒకటే: మనిషి కొమ్మ విరిచి నాటకపోతే ఈ చెట్టుకు భవిష్యత్తు లేదు.

పెంపకందారుకు ఈ ఏడు జాతులు రెండు వర్గాలుగా అర్థం కావాలి. అర్బోరియా, సాంగ్వినియా, వల్కానికోలా చల్లని కొండల చెట్లు. సాంగ్వినియా ఆండీస్‌లో రెండు వేల మీటర్లకు పైబడిన ఎత్తులలో పెరుగుతుంది. దాని పువ్వు సన్నని గొట్టం వలె ఉండి, ఎరుపు, పసుపు రంగులు కలిగి ఉంటుంది, వాసన ఉండదు. పగటిపూట వచ్చే పొడవు ముక్కు హమ్మింగ్ పిట్టలు దానికి పరాగసంపర్కం చేస్తాయి కనుక వాసన అవసరం లేదు. దానికి అవసరమైనది చల్లని రాత్రి. రాత్రులు వెచ్చగా ఉన్నచోట ఆకులు వేసినా మొగ్గ తొడగదు, క్రమంగా నీరసిస్తుంది. వేసవిలోనూ చల్లగా, పొగమంచుతో ఉండే శాన్ ఫ్రాన్సిస్కో తీరంలో ఇది చక్కగా పూస్తుంది. అదే రాష్ట్రంలో లోతట్టు ఎండ ప్రాంతాలకు తీసుకుపోతే ఫలితం ఉండదు.

రెండవ వర్గంలో ఆరియా, ఇన్‌సిగ్నిస్, సువావియోలెన్స్, వెర్సికలర్ ఉన్నాయి. ఇవి వెచ్చదనాన్ని ఓర్చుకుంటాయి. వెర్సికలర్ ఈక్వడార్‌లోని గువాయకిల్ పరిసరాల పల్లపు నేలలది. దాని పువ్వు తెల్లగా విచ్చుకొని తరువాత రంగు మారుతుంది. సువావియోలెన్స్ ఆగ్నేయ బ్రెజిల్‌కు చెందినది. ఊటీలో యాత్రికుడు చూసిన తెల్లపూల చెట్టు సాధారణంగా ఇదే; సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉన్న ఆ పట్టణ పరిసరాలలో అది నాటినవారి అదుపు దాటి స్థిరపడింది. ఈ వర్గం పూలు చీకటి పడే వేళకు పరిమళిస్తాయి, హాక్ మాత్ అనే పెద్ద చిమ్మటలను పిలుస్తాయి.

‘వెచ్చదనాన్ని ఓర్చుకోవడం’ అంటే ‘మండుటెండను ఓర్చుకోవడం’ కాదు. వెడల్పాటి, పలుచని ఆకుల నుంచి నీరు వేగంగా ఆవిరవుతుంది. నిండు వేసవిలో ఉదయం నీరు పోసిన కుండీ మొక్క కూడా మధ్యాహ్నానికి ఆకులు వాల్చివేస్తుంది. ఉమ్మెత్త వలె దీన్ని దిబ్బ మీద వదిలితే బ్రతకదు. ఎరువు విషయంలోనూ ఇది తిండిపోతు; పశువుల ఎరువు దండిగా వేసిన, నీరు నిలవని గుల్ల నేల దీనికి కావాలి.

4. పంగ - పూతకు ఆరంభం:
పెద్ద చెట్టుగా పెంచి, నిండుగా పూయించాలనుకునేవారు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. విత్తనం నుంచి లేదా మొదలు నుంచి వచ్చిన బ్రుగ్మాన్సియా మొదట ఒకే నిలువు కాండంగా పెరుగుతుంది. కొంత ఎత్తుకు చేరాక కాండం రెండుగా చీలి పంగ ఏర్పడుతుంది. మొదటి పువ్వు ఆ పంగ దగ్గరనే వస్తుంది. పంగకు దిగువ భాగం పెరుగుదలకు, ఎగువ భాగం పూతకు. పైన ఉన్న ప్రతి కొమ్మా మళ్లీ మళ్లీ పంగలు వేస్తూ, పంగ పంగకూ పూస్తుంది.

ఈ భేదం ఆకులో కూడా కనిపిస్తుంది. పంగకు దిగువనున్న ఆకుల మొదలు కాడకు ఇరువైపులా సమంగా ఉంటుంది. ఎగువ ఆకులలో ఒకవైపు కాస్త కిందికి దిగి, రెండవవైపు పైనే ఆగిపోతుంది. నాటడానికి తెచ్చిన కొమ్మ ఏ భాగానిదో ఆకును తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

దిగువ భాగం నుంచి తీసిన కొమ్మ ముక్క నిలువుగా ఎదిగి, ఎత్తైన మాను కట్టి, ఆలస్యంగా పూస్తుంది. ఎగువ భాగం నుంచి తీసినది తన పూత స్వభావాన్ని నిలుపుకొని త్వరగా పూస్తుంది, కాని పొదలా గుబురుగా ఉండిపోతుంది. ఏడాది పొడవునా చలి ముదరని ప్రాంతంలో పెద్ద చెట్టు కావాలనుకునేవారు దిగువ ముక్కను ఎన్నుకొని, పంగ పడేవరకు పక్క చిగుళ్లను గిల్లివేయాలి. కత్తిరింపు వేసేటప్పుడు కూడా మొదటి పంగకు కిందికి పోకూడదు. అక్కడ కోస్తే చెట్టు మళ్లీ బాల్యంలోకి వెళ్లి, కొత్త పంగ వేసేదాకా పూత మానేస్తుంది. నరికి బాగుచేసిన తరువాత పూయడం లేదని చాలామంది పడే బాధకు మూలం ఇదే.

5. గడ్డకట్టే చలి ఉన్నచోట్ల:
గడ్డకట్టే చలి తగిలితే ఆకులు, లేత కొమ్మలు నల్లబడి వడలిపోతాయి. చలి కొద్ది రోజులే ఉండి, నేల లోతుగా గడ్డకట్టని చోట వేరు బ్రతికి వసంతంలో తిరిగి చిగురిస్తుంది. మొదట్లో ఆకులు, గడ్డి మందంగా పరిచి కప్పడం అందుకే. అయితే పై భాగమంతా చచ్చిపోతుంది కనుక ప్రతి ఏడూ చెట్టు మొదటి నుంచి పంగ వేయవలసి వస్తుంది. అది జరిగేలోపు శరదృతువు ముగిసిపోవచ్చు. డాలస్ వంటి నగరాలలో పెరటితోటలు పెంచే తెలుగువారికి ఎదురయ్యే చిక్కు ఇటువంటిది: నడివేసవి ఎండ ఒకవైపు, శీతకాలపు గడ్డకట్టు చలి మరొకవైపు, పూతకు మిగిలేది శరత్తులోని కొన్ని వారాలు. అక్కడ ఎగువ భాగపు ముక్కలే మేలు. ఎత్తు దక్కకపోయినా పువ్వు దక్కుతుంది.

న్యూజెర్సీ, ఉత్తర ఐరోపా వంటి చోట్ల కుండీయే గతి. చలికి ముందే కుండీని సెల్లార్‌కో గరాజ్‌కో చేర్చి, 5 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచితే మొక్క ఆకు రాల్చి నిద్రావస్థలోకి పోతుంది. అప్పుడు వేళ్లు ఎండిపోకుండా ఉండేంత నీరు చాలు. వెచ్చని గదిలో, వెలుతురు చాలకుండా ఉంచడమే తప్పు. పాలిపోయిన బలహీనపు చిగుళ్లు వచ్చి, ఎర్రనల్లికీ తెల్లదోమకూ ఆహారమవుతాయి.

6. తెలుగునేల మీద:
తెలుగు రాష్ట్రాల మైదానాలలో, తీరప్రాంతంలో చల్లని వర్గం పెంచాలనుకోవడం వృథాప్రయాస. హైదరాబాదులో మే నెల పగళ్లు 40 డిగ్రీలు దాటుతాయి; తీరంలో రాత్రులు కూడా ఉక్కపోతే. ఇక్కడ పరిశీలించదగినవి సువావియోలెన్స్, వెర్సికలర్, వాటి సంకరాలు. ఇంటికి తూర్పువైపు, ఉదయపు ఎండ మాత్రమే తగిలి, మధ్యాహ్నం గోడ నీడ పడే చోటు ఎన్నుకోవాలి. పాదులో ఎండుగడ్డి పరిచి తేమ నిలపాలి. వేసవిలో మొగ్గలు రాలితే మందులు చల్లడం కంటె నీడ పెంచడం మేలు. పూతను ఆశించవలసింది వానలు తగ్గి రాత్రులు చల్లబడే కార్తిక, మార్గశిర మాసాలలో. సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకు లోయ వంటి తావులు ఈ వర్గానికి మైదానం కంటె అనుకూలమైనవి. అయితే నీలగిరుల అనుభవం గుర్తుంచుకోవాలి: కొండవాగుల వెంట కొట్టుకుపోయిన కొమ్మ ఎక్కడ ఆగితే అక్కడ వేరూనుతుంది. అటువంటి చోట కత్తిరించిన కొమ్మలను వాగులో పారవేయరాదు.

7. విషం:
‘ఉమ్మెత్త’ అన్న పోలిక నూటికి నూరుపాళ్లు నిజమయ్యేది ఇక్కడ. ఆకు, పువ్వు, విత్తనం, వేరు అన్నిటిలోనూ స్కోపోలమైన్, హయోసయమైన్, అట్రోపిన్ ఉంటాయి. నోరెండిపోవడం, గుండె వేగం పెరగడం, మతిభ్రమ, ప్రాణాపాయం వీటి ఫలితాలు. కొమ్మలు కోసిన చేతితో కన్ను నులుముకుంటే ఆ కంటిపాప విప్పారి చూపు మసకబారుతుంది. కత్తిరింపు వేళ చేతి తొడుగులు ఉండాలి. పశువులు మేసేచోట, పసిపిల్లలు తిరిగేచోట ఈ చెట్టు నాటకపోవడమే క్షేమం. ఎవరైనా మింగినట్లు అనుమానం కలిగితే ఇంటివైద్యం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

8. కొమ్మ ముక్కలో మిగిలిన వంశం:
బ్రుగ్మాన్సియా జాతులలో ఎక్కువ భాగం తన పుప్పొడితో తాను కాయ కట్టవు. ఒకే చెట్టు నుంచి తీసిన కొమ్మలన్నీ జన్యురీత్యా ఒకే మొక్క కాబట్టి, ఒక వీధి పొడవునా ఉన్న కంచె ఒక్క కాయైనా కాయకపోవచ్చు. ఆ కంచెలో ఒక మొక్కకు మొజాయిక్ వైరస్ సోకి, అదే కత్తితో తక్కినవి కోస్తే తెగులు అన్నిటికీ పాకుతుంది. కత్తిని ప్రతి మొక్కకూ శుభ్రం చేయాలన్న చిన్న నియమం, అడవిలో నకలు లేని జాతికి చాలా పెద్దది.

ఈ కొమ్మ నాటే విద్యను అత్యంత శ్రద్ధతో నిలుపుకొన్నవారు దక్షిణ కొలంబియాలోని సిబుందోయ్ లోయకు చెందిన కమ్‌సా, ఇంగా ప్రజలు. వైద్యంలో, మతకర్మలలో వాడే అనేక రూపాలను వేరువేరు పేర్లతో వారు తరతరాలుగా పెంచుతున్నారు. వాటిలో ఒకదాని ఆకు పాములా సన్నగా ఉంటుంది. అందుకే స్పానిష్‌లో ‘పాము’ అన్న అర్థమిచ్చే ‘కులేబ్రా’ పేరు చేర్చి ‘కులేబ్రా బొర్రాచెరో’ అంటారు. హార్వర్డ్ వృక్షశాస్త్రవేత్త రిచర్డ్ ఎవాన్స్ షుల్టెస్ దాని వింత రూపాన్ని చూసి, 1955లో ‘మెథిస్టికోడెండ్రాన్’ అనే కొత్త ప్రజాతినే ప్రతిపాదించాడు. అది బ్రుగ్మాన్సియాలోని ఒక సాగురూపమేనని తరువాతి పరిశీలకులు తేల్చారు. లోయవాసుల పేరులో ‘బొర్రాచెరో’ అన్న మాట మొదటినుంచీ ఉంది.